బ్యాచ్ నంబరున్న ముక్క

శ్రోతలకు నమస్కారం. దేవరకొండలో నాకొక మందుల దుకాణం ఉంది. పొద్దున తండాల నుంచి ఆటోలు దిగే వేళకు షట్టర్ తీస్తాను. అప్పటినుంచి రాత్రి దాకా ఎక్కువగా వినే మాట ఒకటే: "సార్, రెండు గోళీలు కత్తిరించి ఇయ్యి."

కత్తిరించి ఇస్తాం. చాలా షీట్ల మీద బ్యాచ్ నంబరు, అంటే ఒక విడతలో తయారైన మందులన్నిటికీ వేసే గుర్తు, గడువు తేదీ ఒక చివరనే ఉంటాయి. అందుకే రెండో చివర నుంచి కత్తిరిస్తాం. నంబరున్న ముక్క దుకాణంలో ఉండిపోతుంది, మీ చేతికొచ్చిన ముక్క మీద ఏమీ ఉండదు. బిల్లు రాస్తామంటే "రెండు గోళీలకు బిల్లెందుకు?" అని నవ్వుతారు.

2025 అక్టోబరులో, దసరా అయిన వెంటనే, అందరికీ టెన్షన్ పట్టుకుంది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో దగ్గు మందు తాగిన చిన్నపిల్లలు కిడ్నీలు చెడి చనిపోయారు. ఆ మందు తమిళనాడులో తయారైన కోల్డ్రిఫ్ సిరప్, బ్యాచ్ ఎస్‌ఆర్-13. పరీక్షిస్తే అందులో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది. అది ఫ్యాక్టరీల్లో వాడే విషపు ద్రావకం. ఆ సిరప్ వాడొద్దని మన రాష్ట్ర ఔషధ నియంత్రణ విభాగమూ హెచ్చరించింది. కంప్యూటర్లో నంబరు కొట్టి చూశాను, మాకు రాలేదు. అయినా మనసు ఆగక పిల్లల సిరప్‌లన్నీ కిందికి దింపి ఒక్కో సీసా తిప్పి చూశాం.

అంత ఘోరమైనవి అరుదు. లోపం తేలితే అమ్మకం ఆపి దుకాణాల నుంచి వెనక్కి పిలిచే మందులను మన దేశంలో మూడు తరగతులు చేశారు. ప్రాణం మీదికి తెచ్చేవి మొదటి తరగతి. వాటి అమ్మకం 24 గంటల్లో, మహా అయితే 72 గంటల్లో ఆగిపోవాలి. ప్రమాదం తక్కువైన వాటికి గడువు ఎక్కువ.

కొన్నేళ్ల కింద ఒక బీపీ గోళీ బ్యాచ్‌ను వెనక్కి పిలిచారని మాకు మందులు వేసే స్టాకిస్టు ఫోన్ చేశాడు. గోళీ కడుపులో కరగాల్సినంత కరగడం లేదట. మాకు 40 షీట్లు వచ్చాయి, అరలో 29 ఉన్నాయి. వాటిని వేరే డబ్బాలో పెట్టి, టేపు వేసి, "అమ్మొద్దు" అని పెద్దగా రాసి లోపల పెట్టాను. రద్దీలో మా పిల్లగాడు చేయి పెట్టి ఇచ్చేస్తాడేమోనని నా భయం. చెత్తలో పారేయకూడదు, లెక్కతో సహా స్టాకిస్టుకు తిరిగి పంపాలి. అదంతా ఒక్క పూట పని.

అసలు చిక్కు పోయిన 11 షీట్లతో వచ్చింది. బిల్లు మీద ఫోన్ నంబరున్నవి ఆరే. ఒక అవ్వకు ఫోన్ చేసి, "ఆ షీటు తీసుకురా అవ్వా, వేరేది ఇస్తా" అన్నాను. "మంచిగనే పనిచేస్తున్నయి కద బిడ్డా, ఎందుకు గుంజుకుంటవ్?" అంది. గోళీ మొత్తం చెడ్డది కాదనీ, ఆ ఒక్క బ్యాచ్‌లోనే తేడా ఉందనీ చెప్పేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఇంకొకాయన నా ఫోన్ రాగానే గోళీలు వేసుకోవడమే మానేశాడు. నాలుగు రోజుల తర్వాత దుకాణానికి వస్తే బీపీ ఆకాశంలో ఉంది! అలా చేయకండి. వెనక్కి ఇచ్చేటప్పుడే బదులు మందు అడిగి తీసుకోండి.

మిగిలిన ఐదింటిలో మూడు ఒక ఆర్‌ఎంపీ తీసుకెళ్లాడు. ఏ ఊళ్లో ఎవరికి ఇచ్చాడో ఆయనకే గుర్తులేదు. రెండు షీట్లు ముక్కలుగా పోయాయి. ఎవరికి పోయాయో ఇప్పటికీ తెలియదు.

అప్పటినుంచి రెండు గోళీలు ఇచ్చినా కాగితపు కవరు మీద పెన్నుతో బ్యాచ్ నంబరు రాస్తున్నాను. వెనక నిలబడ్డవాళ్లు "తొందరగా కానియ్ సార్, బస్సు పోతది" అంటూనే ఉంటారు.