ఎవరి డిస్కు ఎవరికి కనబడాలి

(ఇంజనీర్స్ డే సందర్భంగా నల్లగొండలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ మేడమ్‌కు నమస్కారం. ఇందాక విశ్వేశ్వరయ్య గారి ఫొటోకు దండ వేశాం. 1908లో మూసీ వరద వచ్చాక హైదరాబాద్‌ను కాపాడే పథకం వేసింది ఆయనే. ఆ మూసీ మన జిల్లా మీదుగా పోయి వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. కాబట్టి ఆయన మనకు పరాయివాడేం కాదు.

నాకిచ్చిన టాపిక్ 'క్లౌడ్ రంగంలో ఉద్యోగాలు'. ఆ సంగతి నాకంటే బాగా చెప్పేవాళ్ళు మీ ఫోన్లలోనే ఉన్నారు. స్టోరేజీలో ఏ డిస్కు ఏ సర్వర్‌కి కనబడాలన్న దాని మీద నాకు చాన్నాళ్ళుగా ఒక కడుపుమంట ఉంది, అది చెప్పుకొని పోతాను. మేడమ్ ఏమనుకోవద్దు.

డేటా సెంటర్లలో వర్చువల్ మెషీన్లు (సాఫ్ట్‌వేర్‌తో చేసిన కంప్యూటర్లు) నడిపే సర్వర్లను హోస్టులంటాం. వాటిలో కొన్నిటికి సొంత డిస్కు ఉండదు. పవర్ ఇవ్వగానే నెట్‌వర్క్ కార్డు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీని అడిగి ఐపీ అడ్రస్ తెచ్చుకుంటుంది. ఆపైన రెండు దారులు. పిక్సీ పద్ధతిలో నెట్‌వర్క్ నుంచి సిస్టమ్ ఇమేజ్‌ని మెమరీలోకి దించుకొని లేవడం ఒకటి. నెట్‌వర్క్ మీదే డిస్కు అందించే ఐస్కజీ పద్ధతిలో, అందరి డిస్కులూ ఒకచోట ఉండే స్టోరేజీలో తనకని కేటాయించిన లన్ నుంచి లేవడం ఇంకోటి. లన్ అంటే స్టోరేజీలోంచి కోసిచ్చిన ముక్క, సర్వర్‌కి అది డిస్కులాగే కనబడుతుంది. హోస్టు లేచాక మరో లన్ కావాలి, వర్చువల్ మెషీన్ల ఫైళ్ళు ఉండేది అందులో. అది ఉమ్మడిది. ఒక హోస్టు పడిపోతే దాని మీది మెషీన్లు పక్క హోస్టులో లేవాలి కదా మరి.

అంటే బూట్ లన్ ఒక్కరికే కనబడాలి, ఉమ్మడి లన్ అందరికీ కనబడాలి. గొడవంతా ఇక్కడే.

హైదరాబాద్‌లో ఒకచోట, పేరు వద్దు, స్టోరేజీ బిగించడానికి వచ్చిన కాంట్రాక్టరు మనిషి హోస్టులన్నిటినీ ఒకే గ్రూపులో పడేసి, లన్లన్నీ ఆ గ్రూపుకి ఇచ్చేశాడు. ఇదేంది తమ్మీ అంటే, "అందరికీ ఓపెన్ పెట్టిన సార్, రేపు మీకు ఏ టెన్షన్ ఉండదు" అన్నాడు. వద్దని నేను మెయిల్ పెట్టాను. "నడుస్తోంది కదా, కదిలించకండి" అని పైనుంచి జవాబొచ్చింది.

నిజమే, నడిచింది. ఒక శనివారం రాత్రి ఒక హోస్టుని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయాల్సొచ్చింది. ఆ మనిషే వచ్చి, తనంతట తానే ఇన్‌స్టాల్ చేసే స్క్రిప్టు పెట్టి, టీకి వెళ్ళాడు. చేత్తో ఇన్‌స్టాల్ చేస్తే ఈఎస్‌ఎక్స్‌ఐ, అంటే హోస్టుని నడిపే వీఎమ్‌వేర్ సాఫ్ట్‌వేర్, డిస్కుల జాబితా చూపిస్తుంది. వర్చువల్ మెషీన్ల ఫైళ్ళు దాచే వీఎమ్‌ఎఫ్‌ఎస్ వాల్యూమ్ ఉన్న డిస్కు పక్కన నక్షత్రం గుర్తు పెడుతుంది, జాగ్రత్త అని. స్క్రిప్టుకి ఆ గుర్తు ఎవరు చూపిస్తారు? 'ఫస్ట్‌డిస్క్' అని రాస్తే అది ముందు సర్వర్ లోపలి డిస్కు వెతుకుతుంది, దొరక్కపోతే నెట్‌వర్క్ డిస్కుల దగ్గరికి పోతుంది. ఈ సర్వర్‌కి లోపల డిస్కే లేదాయె! పైగా 'ఓవర్‌రైట్‌వీఎమ్‌ఎఫ్‌ఎస్' (ఆ వాల్యూమ్ ఉన్నా సరే, దాని మీదే రాసేయమని) అన్న మాట కూడా అందులో ఉంది, ఎక్కడినుంచో కాపీ కొట్టిన లైను. ముందుగా దొరికింది ఉమ్మడి లన్. దానిలో ఏ భాగం ఎక్కడుందో చెప్పే పార్టిషన్ టేబుల్ మీద కొత్తది రాసేసి, ఏ ఎర్రర్ లేకుండా పని ముగించింది.

చిత్రమేమిటంటే, పక్క హోస్టుల్లో నడుస్తున్న మెషీన్లు నడుస్తూనే ఉన్నాయి. ఒక్క ఫోనూ రాలేదు. ఆపిన మెషీన్ ఒకదాన్ని లేపబోతే అప్పుడు తెలిసింది, మెషీన్ల ఫైళ్ళుండే డేటాస్టోరే లేదని. ఆదివారమంతా బ్యాకప్‌ల నుంచి తెచ్చుకోవడమే సరిపోయింది.

సోమవారం మీటింగ్‌లో ఏం తేల్చారో తెలుసా? స్క్రిప్టు తప్పట. నాకు ఇప్పటికీ మండేది ఇదే. స్క్రిప్టు తప్పే, కాదనను. కానీ ఇన్‌స్టాల్ అవుతున్న హోస్టుకి ఉమ్మడి లన్ ఎందుకు కనబడాలి? కనబడని డిస్కుని ఎవడు చెరపగలడు? ఇన్‌స్టాల్ టైములో బూట్ లన్ ఒక్కటే ఇవ్వండి. హోస్టు లేచి, సరిగ్గా ఉందని చూసుకున్నాకే ఉమ్మడిది ఇవ్వండి. ఉమ్మడి లన్ నంబరు హోస్టులన్నిటికీ ఒకటే ఉండేట్టు చూడండి.

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు పిల్లలు చేతులెత్తండి. ఆ, చాలామందే ఉన్నారు. సాగర్ ఎడమ కాలువ మీద తూము షట్టర్లు ఎత్తేది, దించేది లష్కర్. పైవాళ్ళు రాత్రిపూట ఎవరికి వాళ్ళు ఎత్తుకుంటే చివరి ఆయకట్టులో నారుమడి ఎండుతుంది. మీ ఇళ్ళల్లో ఈ గొడవ వినే పెరిగారు మీరు. స్టోరేజీ దగ్గర ఆ లష్కర్ పని చేసేదే మాస్కింగ్, అంటే ఏ లన్ ఏ హోస్టుకి కనబడాలో నిర్ణయించడం. దాన్ని తీసేసి టెన్షన్ లేదంటే ఎట్లా?

ఇంకో సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఐస్కజీ స్టోరేజీ హోస్టుని గుర్తుపట్టేది ఐక్యూఎన్ అనే పేరుతో. లినక్స్ హోస్టుల్లో అది ఒక చిన్న ఫైల్లో ఉంటుంది. ఒక సర్వర్ బాగా తయారుచేసుకొని, దాని బూట్ లన్‌ని కాపీ తీసి మిగతావాటికి ఇస్తారు. పేరు కూడా కాపీ అయిపోతుంది! స్టోరేజీకి ఇద్దరూ ఒక్కరే. పేరుతోపాటు సెషన్ (లాగిన్‌తో మొదలయ్యే కనెక్షన్) గుర్తు కూడా కలిస్తే, కొత్తగా లాగిన్ అయినవాడు పాత సెషన్‌ని తన్నేస్తాడు. 2004 నాటి ఐస్కజీ నియమాల పత్రం, ఆర్‌ఎఫ్‌సీ 3720లోనే ఆ నియమం ఉంది. తన్నులు తిన్నవాడు మళ్ళీ లాగిన్ అయి వీణ్ణి తన్నేస్తాడు. మనమేమో కేబుళ్ళు మారుస్తూ కూర్చుంటాం.

మెమరీలోకి దిగి లేచే హోస్టులది ఉల్టా బాధ. రీబూట్ అయితే లోపల రాసుకున్నదంతా పోతుంది. పేరు బయటినుంచి అందకపోతే కొత్త పేరుతో లేచి, స్టోరేజీ గడప దగ్గర నిలబడిపోతుంది. అందుకే హోస్టు సెట్టింగులు దాచే హోస్ట్ ప్రొఫైల్‌లోనో, బూట్ సర్వర్‌లోనో ఏ యంత్రానికి ఏ పేరో ముందే రాసిపెట్టాలి.

అయినా పేరు పాస్‌వర్డ్ కాదు. ఆ నెట్‌వర్క్‌లో ఉన్న ఎవడైనా మీ హోస్టు పేరు పెట్టుకొని రావచ్చు. రహస్య పదంతో గుర్తింపు అడిగే చాప్ పెట్టండి, స్టోరేజీ ట్రాఫిక్‌ని వేరే వీలాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్ భాగంలో) ఉంచండి. బూట్ చేసిన దారి తెగితే హోస్టు కాళ్ళకింద డిస్కే ఉండదు, కాబట్టి స్విచ్‌లు రెండు కావాలి. ప్రిన్సిపాల్ గారూ, పొద్దున ల్యాబ్ చూశాను. అక్కడున్నది ఒక్కటే స్విచ్, హాస్టల్ వైఫై కూడా దాని మీదే నడుస్తోంది. రెండో స్విచ్ ఫైలు మీద మీరు సంతకం పెడితే పిల్లలు మిమ్మల్ని తలచుకుంటారు.

"సార్, ఉమ్మడి లన్ మీద అందరూ ఒకేసారి రాస్తే పాడవదా" అని ఇందాక ఒక అమ్మాయి అడిగింది. ఒక్క సర్వర్ కోసం చేసిన ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ పెడితే తప్పకుండా పాడవుతుంది తల్లీ, పక్కవాడు రాసింది దానికి తెలియదు. వీఎమ్‌ఎఫ్‌ఎస్, జీఎఫ్‌ఎస్2 లాంటివి తాళాలు వేసుకుంటూ రాస్తాయి. వీఎమ్‌ఎఫ్‌ఎస్ ఒకప్పుడు తాళం కోసం లన్ మొత్తాన్ని కాసేపు ఆపేది. 2010లో వచ్చిన వీఎమ్‌వేర్ వీస్ఫియర్ 4.1 నుంచి, స్టోరేజీలో ఆ సౌకర్యం ఉంటే, కావలసిన చోటు వరకే తాళం పడుతుంది.

టీ తాగి ల్యాబ్‌కి రండి. రెండు సర్వర్లకు ఒకే ఐక్యూఎన్ పెట్టి బూట్ చేద్దాం, వాటి కొట్లాట లాగ్‌లో మీరే చూద్దురుగాని. ఖాళీ లన్ల మీదే సుమా!