పారిజాతం ఆకులు రాలిపోయాయా? పీకేయకండి ఆగండి!

హాయ్ అండీ, ఈరోజు పారిజాతం గురించి మాట్లాడుకుందాం. నన్ను ఎక్కువమంది అడిగేది ఒకటే, మొన్నటిదాకా బాగానే పూసింది, ఇప్పుడు ఆకులన్నీ రాలి ఎండు పుల్లల్లా ఉంది, చచ్చిపోయిందా అని.

చావలేదండీ. ఇది ఆకులు రాల్చే జాతి, పూత అయిపోయి వాతావరణం చల్లగా, పొడిగా మారగానే ఆకులు దులిపేసుకుని రెస్ట్ తీసుకుంటుంది. డౌట్ ఉంటే ఇదిగో ఇలా కొమ్మ మీద గోరుతో కొంచెం గీకండి, బెరడు కింద పచ్చగా తడిగా కనిపిస్తోంది చూశారా, ప్రాణం ఉన్నట్టే. గీకినచోట గోధుమ రంగులో ఉండి, వంచితే పుటుక్కున విరిగిందంటే ఆ కొమ్మ మాత్రం పోయింది, పచ్చదనం కనిపించేదాకా కట్ చేసేయండి.

అసలు మొక్కని చంపేది ఆకులు రాలడం కాదు, అయ్యో అనుకుని మనం రోజూ పోసే నీళ్లు. ఆకుల్లేనప్పుడు అది నీళ్లు పెద్దగా తాగదు, మట్టి బురదగా ఉంటే వేర్లు కుళ్లిపోతాయి. వేలు రెండు అంగుళాలు లోపలికి పెట్టి చూడండి, పొడిగా తగిలితేనే పోయండి, ఎరువు కూడా ఇప్పుడు వద్దు.

కొమ్మలు కత్తిరించాలంటే కొత్త చిగుర్లు వచ్చే ముందే చేసేయాలి, ఎందుకంటే మొగ్గలు వచ్చేది ఆ ఏడాది కొత్తగా వేసిన కొమ్మల చివర్లలో, పూత టైంలో కట్ చేస్తే పూలని మీరే కోసి పారేసినట్టు. వదిలేస్తే ఇది 10 మీటర్ల దాకా కూడా పెరుగుతుంది కాబట్టి మీకు అందే ఎత్తులో ఉంచుకోండి.

ఏపుగా పెరుగుతోంది కానీ పూయట్లేదు అంటే ముందు ఎండ చూడండి, రోజుకి 5, 6 గంటలు డైరెక్ట్‌గా తగలాలి. నత్రజని ఎక్కువైనా అంతే, ఆకులే ఆకులు.

పూలు సాయంత్రం విచ్చుకుని తెల్లారేసరికి రాలిపోతాయి కాబట్టి రాత్రే కింద శుభ్రమైన బట్ట పరిచేయండి, మట్టి అంటదు. ఆ నారింజ రంగు కాడని వేళ్ల మధ్య నలిపితే రంగు అంటుకుంటుంది, అందుకే పాతకాలంలో దానితో బట్టలకి రంగు వేసేవాళ్లు.

కొనేటప్పుడు కొమ్మని వేళ్లతో తిప్పి చూడండి, గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది, ఆకు గరుకు కాగితంలా తగులుతుంది. ఆల్రెడీ చెట్టున్నవాళ్లు కొనక్కర్లేదు, బిళ్లల్లా ఉండే కాయలు ఎండాక రెండుగా విడదీస్తే ఒక్కో దాంట్లో ఒక్కో గింజ, అది నాటుకోండి.