విశేషం ఏమైనా ఉందా?

నమస్కారమండీ. మన బెజవాడ, గుంటూరు వైపు పెళ్ళయ్యి ఏడాది దాటిందంటే చాలు, ఆ పిల్ల ఎక్కడ కనపడినా ఒకటే మాట, ఏమ్మా విశేషం ఏమైనా ఉందా అని. అడిగేవాళ్ళకి అది పలకరింపేనండి, వినేదానికి మాత్రం ఆ రోజంతా అన్నం సహించదు.

మా వదిన సంగతి చెప్తాను, మా పెద్దమ్మ కోడలు. పెళ్ళయ్యి ఆరేళ్ళు. మోపిదేవి వెళ్ళి పుట్టలో పాలు పోసొచ్చింది, నాగులచవితి ఉపవాసాలు చేసింది, సూర్యారావుపేటలో డాక్టర్ల చుట్టూ తిరిగింది, థైరాయిడ్, స్కానింగులు, గర్భసంచిలోకి మందు ఎక్కించి ట్యూబులకి తీసే ఎక్స్‌రే, అది నొప్పి కూడా, అన్నీ నార్మలే అన్నారు. ఒకసారి మా ఇంట్లో సీమంతం, ముత్తైదువులు వరసగా గాజులు తొడుగుతున్నారు, వదిన కూడా పచ్చ గాజులు పట్టుకుని లేచింది, ఇంతలో వెనకనుంచి ఎవరో పెద్దావిడ నువ్వు తర్వాత తొడుగుదువులే అమ్మా అంది. ఎవ్వరం నోరు మెదపలేదు, నేను కూడా, అది నన్ను ఇప్పటికీ తినేస్తానే ఉంది. వదిన ఆ గాజులు పళ్ళెంలో పెట్టేసి వంటింట్లోకెళ్ళి కడిగిన గ్లాసులే మళ్ళీ కడుగుతా నించుంది.

ఆ ఆరేళ్ళలో అన్నయ్యకి ఒక్క టెస్టు కూడా అవ్వలేదండి. డాక్టరు చీటీ రాసిచ్చింది, ఆయనే ఇవాళ రేపు అని తోసేశాడు, మావాడికేంటి అని పెద్దమ్మ వత్తాసు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు పిల్లలు కలగని సమస్య ఎదురవుతుంది, పిల్లలు లేని జంటల్లో దాదాపు సగంమందికి మగవాళ్ళ వైపు నుంచి కూడా కారణం ఉంటుంది. ఏడాది ప్రయత్నించినా నిలవకపోతే, ఆడమనిషికి 35 దాటితే ఆరు నెలలకే, ఇద్దరూ కలిసి వెళ్ళాలి. మగవాళ్ళ టెస్టుకి సూది లేదు, మత్తు లేదు, 2 నుంచి 7 రోజులు భార్యాభర్తలు దూరంగా ఉండి వీర్యం శాంపిల్ ఇవ్వటమే. వీర్యకణాల కౌంట్ తక్కువొస్తే కంగారు పడక్కర్లేదు, ఆ కణాలు తయారవటానికి రెండున్నర నెలలు పడుతుంది, మధ్యలో గట్టి జొరం వచ్చినా తగ్గుతుంది, అందుకే మళ్ళీ చేయిస్తారు. అసలు మన మగవాళ్ళ భయం సూదీ కాదు డబ్బూ కాదు, ఆ కాయితం మగతనానికి మార్కులేస్తుందని. దానికీ దీనికీ సంబంధం లేదండి, కాపురం చక్కగా ఉన్నవాళ్ళకి కూడా కౌంట్ సున్నా ఉండొచ్చు.

చివరికి వెళ్ళాడు అన్నయ్య, బెజవాడలో తెలిసినవాళ్ళు చూస్తారని తెల్లారే బస్సెక్కి గుంటూరు కొత్తపేట వెళ్ళాడు. కౌంట్ తక్కువ, వృషణాల దగ్గర నరాలు ఉబ్బాయంట. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా, అమ్మా సమస్య నాది, ఇంక దాన్ని ఎవరూ ఏమీ అనొద్దు అన్నాడంట. పెద్దమ్మ రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

పిల్లలు ఇంకా లేరండి, మందులు వాడుతున్నారు. మొన్న మా వీధిలోనే ఇంకో సీమంతం. గాజుల పళ్ళెం రాగానే పెద్దమ్మ లేచి వదిన చెయ్యి పట్టుకుని, ముందు మా కోడలు తొడుగుద్ది అంది.