ట్యాగ్ టీమ్ మ్యాచ్ ఎలా చూడాలి: రికీ మోర్టన్ దెబ్బలు తినే పద్ధతి

నమస్తే అండి. ఈ వీడియోలో ట్యాగ్ టీమ్ మ్యాచ్, అంటే ఇద్దరిద్దరు జట్లుగా ఆడే ప్రో రెజ్లింగ్ మ్యాచ్, ఎలా చూడాలో చెప్తాను. అన్ని జట్ల జోలికీ వెళ్లను, ఒక్క మనిషిని పట్టుకుని చెప్తాను. అతని పేరు రికీ మోర్టన్. రాక్ అండ్ రోల్ ఎక్స్‌ప్రెస్ అనే జట్టులో ఒకడు, రెండోవాడు రాబర్ట్ గిబ్సన్. డబ్ల్యూడబ్ల్యూఈ చూసి పెరిగినవాళ్లలో చాలామందికి ట్యాగ్ మ్యాచ్ అంటే మెయిన్ ఈవెంట్ వచ్చేదాకా టైమ్ పాస్ అనే అభిప్రాయం ఉంది. 1980ల్లో అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అలా కాదు, అక్కడ జనం ఈ ఇద్దరి కోసమే టికెట్ కొన్న రాత్రులు ఎన్నో ఉన్నాయి.

ముందు రూల్స్ గబగబా చెప్పేస్తాను. మూలలో టర్న్‌బకిల్‌కి కట్టిన చిన్న తాడు ముక్క కనిపిస్తోంది కదా, బయట నిలబడ్డ పార్ట్‌నర్ దాన్ని పట్టుకునే ఉండాలి. లోపలున్నవాడి చెయ్యి తాకితేనే లోపలికి రావాలి. ఆ తాకడం రెఫరీ కంట పడాలి, పడకపోతే లెక్కలోకి రాదు. మారాక మొదటివాడు బయటికి పోవడానికి రెఫరీ ఐదు లెక్కపెట్టేంత టైమ్ ఉంటుంది. మ్యాచ్ మొత్తం నడిచేది వీటి మీదే, అందుకే గుర్తుపెట్టుకోండి.

మోర్టన్ 1956లో టెనెసీ రాష్ట్రం నాష్‌విల్‌లో పుట్టాడు. తండ్రి పాల్ మోర్టన్ రెజ్లింగ్ రెఫరీ, కాబట్టి ఈ లోకం అతనికి ఇంట్లోనే పరిచయం. 1983లో మెంఫిస్‌లో గిబ్సన్‌తో జట్టు కట్టించారు. అప్పటికే అక్కడ ఫాబ్యులస్ వన్స్ అనే జట్టు బాగా ఆడుతోంది, అదే పద్ధతిలో ఇంకో జట్టు కావాలనుకున్నారు, అంతే. పొడుగు జుట్టు, ఒంటి మీద అక్కడక్కడా కట్టిన రంగురంగుల రుమాళ్లు, రాక్ పాటతో ఎంట్రీ. తర్వాతి ఏడాది బిల్ వాట్స్ నడిపే మిడ్ సౌత్ అనే రెజ్లింగ్ కంపెనీకి వెళ్లారు, అక్కడే మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్ అనే జట్టుతో వైరం మొదలైంది. బాబీ ఈటన్, డెనిస్ కాండ్రీ, చేతిలో టెన్నిస్ రాకెట్‌తో మేనేజర్ జిమ్ కార్నెట్. ఆ వైరం కంపెనీలు మారినా, కాండ్రీ బదులు స్టాన్ లేన్ వచ్చినా ఏళ్ల తరబడి సాగింది.

ఇప్పుడు అసలు పాఠానికి వద్దాం. వీళ్ల మ్యాచ్ ఏదైనా తీసుకోండి, మొదటి కొన్ని నిమిషాలు మోర్టన్, గిబ్సన్ ఎదుటివాళ్లని ఆటాడిస్తారు. వేగంగా డ్రాప్‌కిక్‌లు (గాల్లోకి ఎగిరి రెండు కాళ్లతో తన్నడం), వెంటవెంటనే ట్యాగ్‌లు, అంటే చెయ్యి తాకి మారడాలు, జనం నవ్వుతూ చప్పట్లు కొడుతుంటారు. తర్వాత ఏదో ఒక మోసం జరుగుతుంది. వెనకనుంచి జుట్టు లాగడమో, రెఫరీ అటు తిరిగినప్పుడు మోకాలితో పొడవడమో. ఆ క్షణం నుంచి మోర్టన్ వాళ్ల మూలకి దగ్గర్లో ఇరుక్కుపోతాడు. రింగ్‌లో సగం అతనికి మూసేసినట్టే. ఎదుటివాళ్లు మార్చి మార్చి వస్తుంటారు, ఇతనికి మాత్రం మారే దారి లేదు. చూసేవాడి కడుపు మండేది అక్కడే.

ఇక్కడ పాజ్ చేసి మోర్టన్ చేతుల్ని చూడండి. మెడ పట్టుకుని కింద కూర్చోబెట్టినా ఒక చెయ్యి ఎప్పుడూ గిబ్సన్ వైపే చాచి ఉంటుంది. తర్వాత మొహం చూడండి. నొప్పి పడుతున్నప్పుడు తల కిందికి దాచుకోడు, జనానికి కనిపించేటట్టు తిప్పుతాడు, వెనక వరుసలో ఉన్నవాడికి కూడా అందేలా. ఒంటిలో శక్తి ఒకేసారి అయిపోయినట్టు పడిపోడు కూడా. కొంచెం లేస్తాడు, రెండు గుద్దులు వేస్తాడు, సన్‌సెట్ ఫ్లిప్‌తో, అంటే ఎదుటివాడి మీద నుంచి పల్టీ కొట్టి, అతని భుజాల్ని రెండు లెక్కదాకా నేలకి అదిమి పిన్ చేస్తాడు (మూడు పడితే గెలుపే), హమ్మయ్య వచ్చేశాడు అనుకునేలోపు మళ్లీ కిందికి లాగేస్తారు. నా దృష్టిలో ట్యాగ్ రెజ్లింగ్‌లో అన్నిటికన్నా కష్టమైన పని ఈ కొంచెం కొంచెం ఆశ పెట్టడమే. తక్కువైతే జనం వదిలేస్తారు, ఎక్కువైతే చివర్లో వచ్చే పార్ట్‌నర్‌కి చెయ్యడానికి ఏమీ మిగలదు.

ఆ తర్వాత దొంగదెబ్బ. మోర్టన్ పాక్కుంటూ వెళ్లి గిబ్సన్ చెయ్యి తాకుతాడు, హాలంతా లేచి నిలబడుతుంది, కానీ సరిగ్గా అప్పుడే కార్నెట్ అవతల రెఫరీతో గొడవ పెట్టుకుని ఉంటాడు. రెఫరీ చూడలేదు కాబట్టి గిబ్సన్‌ని బయటికి పంపేస్తాడు, ఆ పంపే పనిలో ఉండగా వెనక మోర్టన్‌ని ఇద్దరూ కలిసి కొడుతుంటారు. ఇందాక చెప్పిన రూల్ దేనికి పనికొచ్చిందో చూశారా? చివరికి నిజం ట్యాగ్ పడుతుంది, దాన్నే హాట్ ట్యాగ్ అంటారు. గిబ్సన్ వచ్చి అందరినీ చితక్కొడతాడు, ఇద్దరూ కలిసి డబుల్ డ్రాప్‌కిక్, ఒకటి రెండు మూడు.

అరుపులన్నీ గిబ్సన్‌కి వస్తాయి, కానీ వాటిని పోగుచేసి పెట్టింది మోర్టన్. అమెరికాలో రెజ్లర్లు ఇప్పటికీ జట్టులో ఎక్కువసేపు దెబ్బలు తినేవాడిని రికీ మోర్టన్ పాత్ర చేస్తున్నాడనే అంటారు. ఒక మనిషి పేరు పని పేరైపోయింది.

ఫలితం ముందే నిర్ణయించి ఉంటుంది కదా, ఇందులో గొప్పేముంది అని అడిగేవాళ్లు ఉంటారు. ఎవరు గెలవాలో నిర్ణయించగలరు, వేలమంది ఒకేసారి లేచి అరవడాన్ని ముందే నిర్ణయించలేరు, అది ఆ రాత్రి రింగ్‌లో సంపాదించుకోవాల్సిందే.

1985లో జిమ్ క్రాకెట్ రెజ్లింగ్ కంపెనీకి వచ్చిన కొత్తలోనే, జులై 9న నార్త్ కెరొలైనాలోని షెల్బీలో ఇవాన్ కోలోఫ్, క్రషర్ క్రుశ్చేవ్‌ల మీద ఎన్‌డబ్ల్యూఏ (అప్పటి రెజ్లింగ్ కంపెనీల కూటమి) ప్రపంచ ట్యాగ్ టైటిల్ గెలిచారు. కోల్డ్ వార్ రోజులు కాబట్టి ఎదురుగా రష్యన్ల వేషంలో ఎవరుంటే చాలు, జనానికి కోపం వచ్చేది. నిజానికి ఇవాన్‌ది కెనడా, క్రుశ్చేవ్‌గా ఆడిన బ్యారీ డార్సోది మినెసోటా. తర్వాత బెల్ట్‌లు పోయాయి, అదే ఏడాది నవంబరులో స్టార్‌కేడ్ అనే పెద్ద షోలో, రింగ్ చుట్టూ ఇనుప బోను పెట్టి ఆడే స్టీల్ కేజ్ మ్యాచ్‌లో తిరిగొచ్చాయి. క్రాకెట్ దగ్గర మొత్తం నాలుగుసార్లు గెలిచారు.

1986లో మోర్టన్ ఒంటరిగా అప్పటి ఎన్‌డబ్ల్యూఏ ప్రపంచ ఛాంపియన్ రిక్ ఫ్లేర్ మీదికి వెళ్లాడు. కథలో ఫ్లేర్ అతని మొహాన్ని సిమెంటు నేలకి రుద్దుతాడు, ముక్కు విరుగుతుంది, మోర్టన్ మొహానికి రక్షణ మాస్క్ పెట్టుకుని ఆ వేసవిలో గ్రేట్ అమెరికన్ బాష్ అనే షోలో కేజ్‌లోకి దిగుతాడు. ప్రపంచ టైటిల్ రాలేదు. కానీ ట్యాగ్ మ్యాచ్‌లో నేర్చిన పనే ఇక్కడా చేశాడు, చెయ్యి చాచడానికి మూలలో ఎవరూ లేరు, అంతే తేడా.

1991లో డబ్ల్యూసీడబ్ల్యూ అనే రెజ్లింగ్ కంపెనీ అతన్ని విలన్‌గా మార్చింది. గిబ్సన్‌ని మోసం చేయించి, యార్క్ ఫౌండేషన్ అనే విలన్ల గుంపులో చేర్చి, రిచర్డ్ మోర్టన్ అని పిలిచారు. జనం జాలిపడేలా చెయ్యడంలో అంత చెయ్యి తిరిగినవాడిని తీసుకెళ్లి అటువైపు నిలబెట్టారంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. ఆ తర్వాత కార్నెట్ సొంతంగా పెట్టిన స్మోకీ మౌంటెన్ కంపెనీలో మళ్లీ గిబ్సన్‌తో కలిశాడు, అక్కడ కొత్త శత్రువులు హెవెన్లీ బాడీస్ అనే జట్టు. 2017లో ఇద్దరినీ డబ్ల్యూడబ్ల్యూఈ హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి ఆహ్వానించింది కూడా ఆ కార్నెటే. 2019లో, అరవై దాటాక, మళ్లీ ఎన్‌డబ్ల్యూఏ ట్యాగ్ టైటిల్ గెలిచారు. ఇప్పుడు మోర్టన్‌కి టెనెసీలో రెజ్లింగ్ స్కూల్ ఉంది, కొడుకు కెరీతో కూడా జట్టుగా ఆడాడు.

ఇక మీరు చెయ్యాల్సింది. 1990 ఫిబ్రవరిలో జరిగిన రెజిల్‌వార్ షోలో మిడ్‌నైట్ ఎక్స్‌ప్రెస్‌తో వీళ్ల మ్యాచ్ వెతికి రెండుసార్లు చూడండి. మొదటిసారి మోర్టన్ మీదే కళ్లు పెట్టండి, ఎప్పుడు ఆశ చూపించాడో, ఎప్పుడు ఆపేశాడో గమనించండి. రెండోసారి అతన్ని పూర్తిగా వదిలేసి బాబీ ఈటన్‌ని చూడండి. కొట్టేవాడు సరైనవాడు కాకపోతే తినేవాడి పని వృథా, ఈటన్ లాంటి చెయ్యి మోర్టన్‌కి మళ్లీ దొరకలేదని నా నమ్మకం. వచ్చే వీడియో ఈటన్ మీదే చేస్తున్నాను, ఈలోపు మీరు ఏం గమనించారో కింద రాయండి.