న్యాయ సలహా ఫోన్-ఇన్: ఉరి వేయించలేమా మేడమ్?

యాంకర్: సూర్యాపేట జిల్లా నుంచి ఒకరు లైన్లో ఉన్నారు. చెప్పండి అన్నా, పేరు చెప్పక్కర్లేదు.

కాలర్: నమస్తే మేడమ్. మా చెల్లెల్ని దాని మొగుడే చంపాడు. పోయిన నెల కోర్టు యావజ్జీవం వేసింది. మా అమ్మ అన్నం ముట్టడం లేదు, వాడికి ఉరే పడాలంటోంది. హైకోర్టుకు పోయి వేయించలేమా?

అడ్వకేట్: మీరే నేరుగా పోలేరన్నా. నిర్దోషి అని వదిలేసినా, చిన్న సెక్షన్‌తో సరిపెట్టినా, పరిహారం తక్కువిచ్చినా మీ కుటుంబం అప్పీలు చేసుకోవచ్చు. శిక్ష చాలలేదంటే మాత్రం ప్రభుత్వమే వేయాలి. సుప్రీంకోర్టు 2020లో ఇదే చెప్పింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ను కలిసి అర్జీ పెట్టండి. కానీ పెద్దగా ఆశ పెట్టుకోకండి. 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి ఉరి అత్యంత అరుదైన కేసులకే.

కాలర్: మరి ఎవడు భయపడతాడు మేడమ్? నలుగురిని వేలాడదీస్తే ఐదోవాడు ఆగుతాడు కదా!

అడ్వకేట్: తీశారుగా. నిర్భయ కేసులో 2020 మార్చిలో తీహార్ జైల్లో నలుగురినీ ఒకే రోజు ఉరితీశారు. నేరాలు ఆగాయా? ఒక్కటి అడుగుతాను, ఏమనుకోకండి. ఆ రోజు అతను తాగి ఉన్నాడా?

కాలర్: తాగే ఉన్నాడు. ఎప్పుడూ అనుమానమే.

అడ్వకేట్: ఆ మత్తులో ఉన్నవాడికి ఏ సెక్షన్‌కు ఏ శిక్షో గుర్తొస్తుందా? పథకం వేసి చంపేవాడేమో అసలు దొరకననుకుంటాడు. యావజ్జీవం కంటే ఉరికి ఎక్కువ భయపడతారనడానికి ఆధారం లేదని 2015లో చట్టాలపై కేంద్రానికి సలహాలిచ్చే లా కమిషనే తన 262వ నివేదికలో రాసింది. ఉగ్రవాద కేసులకు తప్ప ఉరిశిక్షనే రద్దు చేయమంది. దొరకడం ఖాయమనీ, తీర్పు ఆలస్యం కాదనీ తెలిస్తేనే జంకుతారని నా అభిప్రాయం. హన్మకొండ పసిపాప హత్యాచారం కేసు చూడండి, 2019 జూన్‌లో నేరం, ఆగస్టులోనే ఉరిశిక్ష తీర్పు. ఆ ఉరిని హైకోర్టు యావజ్జీవంగా మార్చిందని చాలామంది మండిపడ్డారు. నాకైతే రెండు నెలల్లోపు తీర్పు రావడమే పెద్ద సంగతి.

కాలర్: మా టెన్షన్ వేరే మేడమ్. పద్నాలుగేళ్లకు బయటికొచ్చేస్తాడంట. వాళ్ల పాప మా దగ్గరే ఉంది.

అడ్వకేట్: పద్నాలుగేళ్లు నిండగానే వదిలేయరన్నా. యావజ్జీవం అంటే బతికున్నంత కాలం. అన్నేళ్లు గడిచాకే ముందస్తు విడుదల మాట ఎత్తడానికి వీలవుతుంది. అది ప్రభుత్వం ఇష్టం, మీరు కోర్టులో సవాలు చేయొచ్చు. గుజరాత్ అల్లర్ల నాటి బిల్కిస్ బానో అత్యాచారం కేసులో అలా వదిలిన పదకొండు మందిని 2024 జనవరిలో సుప్రీంకోర్టు తిరిగి జైలుకు పంపింది. మీకు దగ్గర్లో ఉన్న గండం బెయిల్. అతను అప్పీలు వేసి, శిక్ష ఆపి బెయిలివ్వమని అడుగుతాడు. అప్పుడు మీ వాదన కూడా వినమని లాయర్ను పెట్టుకుని అడగండి. పాపకు పరిహారం వచ్చిందా?

కాలర్: అదొకటుందని ఎవరూ చెప్పలేదు మేడమ్.

అడ్వకేట్: తీర్పు కాపీ, పాప పుట్టిన తేదీ సర్టిఫికెట్ పట్టుకుని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. బెయిల్‌కు లాయర్ను పెట్టుకునే స్తోమత లేకపోతే ఆ సంగతీ అక్కడే అడగండి.

కాలర్: రేపే పోతాను మేడమ్.