రవ్వ కట్టెది కాదు

శ్రోతలకు నమస్కారం.

కట్టె కోస్తుంటే నిప్పురవ్వలు ఎందుకొస్తాయి? వరంగల్ చుట్టుపక్కల ఏ సామిల్లులో పనిచేసేవాళ్లను అడిగినా ఎప్పుడో ఒకసారి చూశామనే చెబుతారు. చింత మొద్దు మిషన్ మీదికి ఎక్కుతుంది. సగం దాకా కోత మెత్తగా సాగుతుంది. ఉన్నట్టుండి కిర్రుమని చప్పుడు, వెంటనే ఎర్రటి రవ్వల జల్లు. చూసినవాళ్లలో ఒకరు "ఎండిన కట్టె కదా, రాపిడికి అంటుకుంది" అంటారు. ఇంకొకరు గొంతు తగ్గించి "ఆ చెట్టు మంచిది కాదని ముందే చెప్పిన" అంటారు.

ఇద్దరికీ ఒకటే జవాబు. రవ్వ కట్టెది కాదు. రవ్వ ఇనుముది.

రాపిడికి కట్టె వేడెక్కదా అంటే, ఎక్కుతుంది. రంపం పదును పోతే కోత దగ్గర చెక్క నల్లబడుతుంది, కమురు వాసన వస్తుంది, పొగ కూడా లేస్తుంది. 250, 300 డిగ్రీల వేడి తగిలితే చాలు, కట్టె కమలడం మొదలవుతుంది. కానీ చటుక్కున ఎగిరి గాలిలో గీత గీసే ఆ రవ్వ వేరు. అది రావాలంటే రంపం పళ్లకు గట్టిది ఏదో తగలాలి. ఇంకో ఇనుమైనా తగలాలి, రాయైనా తగలాలి. తగిలినచోట సన్నటి ఇనుప నలుసు లేస్తుంది. గీరుకున్న వేడికి అది ఎర్రగా కాలుతుంది. అంత చిన్న నలుసుకు చుట్టూ గాలే కదా, ఆ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి ఎగురుతూనే మండుతుంది. ఇనుము మండడమేమిటి అనుకోకండి. ఇనుప దూలం మండదు, ఇనుప నలుసు మండుతుంది.

అగ్గిపెట్టెలు రాకముందు మన పెద్దలు చెకుముకి రాయికి ఉక్కుముక్క కొట్టి దూదికి నిప్పు అంటించుకున్నది ఈ లెక్క మీదే. అక్కడా రవ్వ రాయిది కాదు, ఉక్కుది. దీన్ని కళ్లారా చూసినాయన ఒకరున్నారు, ఆయన సంగతి కొంచెం వివరంగా చెప్పాలని ఉంది.

ఇంగ్లండులో రాబర్ట్ హుక్ అనే శాస్త్రవేత్త. మైక్రోస్కోపు అప్పటికి కొత్త వస్తువు. దాని కింద ఈగను, పేనును, బూజును, చేతికి దొరికిన ప్రతిదాన్నీ పెట్టి చూసి, 1665లో ఒక పెద్ద పుస్తకం అచ్చువేశారు. అందులో ఒకచోట ఈ నిప్పురవ్వ ఉంది. రవ్వను మైక్రోస్కోపు కింద పెట్టడం ఎలా? పట్టుకునేలోపే ఆరిపోతుంది కదా. ఆయన కింద తెల్లకాగితం పరిచి, దానిపైన రాయికి ఉక్కు కొట్టారు. రవ్వ ఎక్కడ పడి ఆరిందో అక్కడ వెతికారు. కంటికి ఆనీ ఆనని నల్లటి నలుసులు దొరికాయి. వాటిని మైక్రోస్కోపు కింద పెడితే, కొన్ని అచ్చంగా గుండ్రటి ఉక్కు బంతులు! మెరుగుపెట్టినంత నున్నగా ఉన్నాయి. ఎంత నునుపంటే, ఆ బంతి మీద గది కిటికీ కనబడింది. కిటికీకీ బంతికీ మధ్య ఒక పుల్లను పైకీ కిందికీ ఆడిస్తే, పుల్ల ఆడటం కూడా అందులో కనబడింది. నాకు ఆ పుల్ల భలే ఇష్టం. కిటికీ కనబడగానే సరిపోయిందని లేచిపోకుండా, పుల్ల పెట్టి మరీ చూసుకున్న మనిషి ఆయన.

గుండ్రంగా ఎందుకుంది? కరిగింది కాబట్టి. కరిగిన ఇనుము గాలిలో ఉండగా బొట్టై, బొట్టుగానే గట్టిపడింది. మీకూ చూడాలని ఉంటే, దగ్గరలోని వెల్డింగ్ షాపుకు వెళ్లి గ్రైండర్ ఆగి ఉన్నప్పుడు, షాపాయనను అడిగి, అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి కింద దుమ్ములో తిప్పండి. అంటుకున్న నల్లపొడిని తెల్లకాగితం మీద రాల్చి భూతద్దంతో చూడండి. ఓపికగా వెతికితే బంతులు దొరుకుతాయి.

సరే, మొద్దులోకి ఇనుము ఎలా వచ్చింది? మనమే కొట్టాం. ట్యూషన్ సెంటర్ బోర్డుకు రెండు సీలలు, టు-లెట్ బోర్డుకు రెండు, ఎన్నికలప్పుడు ఇంకో నాలుగు. చేను గట్టు మీద చెట్టయితే ముళ్లకంచె తీగ. ఊళ్లలో దయ్యం పట్టిందంటే భూతవైద్యుడు వచ్చి, ఆ దయ్యాన్ని చింతచెట్టుకు మేకు దిగ్గొట్టి కట్టేశానంటాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ చెట్టు సామిల్లుకు వస్తే రవ్వలు లేస్తాయి. దయ్యం సంగతి నేను చెప్పలేను గానీ, మేకు మాత్రం లోపలే ఉంది.

పైకి కనబడదు. మాను ఏటేటా లావెక్కుతుంది, పుండు మీద చర్మం కప్పుకున్నట్టు సీల మీద చెక్క కప్పుకుంటుంది. ఇంకో సంగతి, చాలామంది తప్పుగా అనుకునేది: చెట్టు పెరిగినకొద్దీ సీల పైకి పోదు. చెట్టు ఎత్తు పెరిగేది కొమ్మల చివర్లలో. ఛాతీ ఎత్తులో కొట్టిన సీల ఎన్నేళ్లయినా ఛాతీ ఎత్తులోనే ఉంటుంది. అందుకే మొదలు దగ్గరి ఆరేడు అడుగుల దుంగతోనే ఎక్కువ టెన్షన్. తుమ్మ, నల్లమద్ది లాంటి కట్టెల్లో ఒక గుర్తు కూడా దొరుకుతుంది. వాటిలో వగరు పదార్థం ఎక్కువ, అది ఇనుముతో కలిస్తే నల్లబడుతుంది. కరక్కాయ నీళ్లలో ఇనుము వేసి సిరా చేసుకున్నది ఇలాగే. దుంగ చివర నీలం, నలుపు కలిసిన మరక కనబడితే లోపల సీల ఉందేమోనని అనుమానించాలి.

రాళ్ల సంగతి చిన్నదే. నేల మీద ఈడ్చుకొచ్చిన దుంగల బెరడులో గులకరాళ్లు ఇరుక్కుంటాయి, బ్రష్‌తో గట్టిగా రుద్దితే చాలావరకు పోతాయి. టేకులోనైతే ఇసుకలో ఉండే సిలికా చెట్టులోనే ఉంటుంది, అది రంపం పదును తింటుంది. నిర్మల్ బొమ్మలు చేసే పొనికి కట్టెతో ఆ బాధ లేదు, అది చాలా మెత్తన. ఇక చేతి మిషన్ వెనక గాలి రంధ్రాల్లోంచి సన్నటి నీలిరవ్వలు కనబడితే అది కట్టె వల్ల కాదు, మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలవి, వాటినే బ్రష్‌లంటారు. కొంచెమైతే మామూలే, ఆ తిరిగే భాగం చుట్టూ రవ్వలు మంటలా తిరుగుతుంటే బ్రష్‌లు మార్చాలి.

రవ్వ కనబడితే ఏం చేయాలి? మిషన్ ఆపాలి. ఇంకో అడుగే కదా, కోసేద్దాం అనుకోవద్దు. 1987లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, క్లోవర్‌డేల్ అనే ఊరి మిల్లులో దుంగలో ఉన్న మేకుకు తగిలి బ్యాండ్ రంపం తెగింది. ఆ ముక్క పనిచేస్తున్న యువకుడి ముఖానికి కొట్టి దవడ విరిగింది. బతికాడు, అదే పెద్ద అదృష్టం.

ఆపిన తర్వాత చేయాల్సింది ఇంకొకటి ఉంది, దీన్ని మనవాళ్లు పట్టించుకోరు. రవ్వలు ఎక్కడ పడ్డాయో చూడాలి. హుక్ గారి రవ్వ తెల్లకాగితం మీద పడింది. మన రవ్వ పడేది రంపపు పొట్టులో. పొట్టులో పడిన రవ్వ వెంటనే మంట లేపకపోవచ్చు, లోలోపల గంటల తరబడి కుములుతుంది. పైన చల్లగానే ఉంటుంది. సాయంత్రం ఆ పొట్టును గోనెసంచిలో కుక్కి, షట్టర్ దించి ఇంటికి పోతాం. కాబట్టి రవ్వలు లేచిన రోజు పొట్టును సంచిలోకి ఎత్తొద్దు. ఆరుబయట, కట్టెల కుప్పకు దూరంగా పలుచగా పరిచి, నీళ్లు చల్లి, కర్రతో కలియదిప్పి, మళ్లీ చల్లండి. రాత్రంతా అక్కడే ఉండనివ్వండి. పొయ్యిలోకి కావాల్సినవాళ్లు తెల్లారి పట్టుకుపోతారు.