తుపాకి తన్ను (పేల్చినప్పుడు వెనక్కి కొట్టే దెబ్బ) గురించి నాలుగు మాటలు

(కనుమ నాడు ఉదయగిరి దగ్గర ఒక పల్లెలో, గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

అధ్యక్షుల వారికి, వేదిక మీదున్న పెద్దలకు, సర్పంచ్ గారికి, మా లెక్కల మాస్టారికి నమస్కారం. మాస్టారూ, మీరు లేవొద్దు, కూర్చోండి. అక్కచెల్లెళ్లకు, అరుగు ఎక్కి నిలబడ్డ పిల్లలకు కూడా నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఈ పండక్కి ఇది రెండో శాలువా. మా ఆవిడ పోయినేడాది వాటితో దిండు గలీబులు కుట్టించింది.

నన్ను ‘యువత - క్రమశిక్షణ’ మీద ఇరవై నిమిషాలు మాట్లాడమన్నారు. రాసుకొచ్చాను కూడా, ఇదిగో కాగితం. కానీ నిన్న పండగ పూట మా ఇంట్లో ఒక సంగతి బయటపడింది. రాత్రంతా నిద్ర పట్టలేదు. అందుకని కాగితం జేబులో పెట్టేస్తున్నాను. సెక్రటరీ గారు క్షమించాలి.

మా మేనల్లుడు టెక్సాస్ నుంచి వచ్చాడు. అదిగో, మూడో వరసలో, తల దించుకుని కూర్చున్నాడే, వాడే. వాడి కుడి కనుబొమ్మ మీద గాటు ఉంది. మా అక్క అడిగితే కారు డోరు తగిలిందన్నాడు. ఆమె నమ్మింది. నేను ఇరవై నాలుగేళ్లు ఫౌజులో ఉన్నవాణ్ని. కారు డోరు అర్ధచంద్రాకారంలో కోయదు. గాటు చూడగానే అడిగాను, “ఏ తుపాకిరా?” అని.

అక్కడ నవంబర్ నుంచి జింకల వేట సీజన్. లైసెన్స్ తీసుకుని, వేటగాళ్ల క్లాసు పాసై వెళితే అది అక్కడ చట్టబద్ధమే. 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు ఆ క్లాసు చేయాలి. వీడు అన్నీ సక్రమంగానే చేశాడు. తుపాకి కొనే దగ్గర మాత్రం ఆఫీసు స్నేహితుల మాట విన్నాడు. “చిన్న క్యాలిబర్ ఆడపిల్లలకి, నువ్వు మ్యాగ్నమ్ తీసుకో” అన్నారట. .300 విన్‌చెస్టర్ మ్యాగ్నమ్ కొన్నాడు. క్యాలిబర్ అంటే గుండు లావు, మ్యాగ్నమ్ అంటే మందు ఎక్కువ పట్టే తూటా. వీడి బరువు అరవై కేజీలు. మొదటి దెబ్బకే తుపాకి మీద బిగించిన దుర్భిణి అంచు వెనక్కొచ్చి కనుబొమ్మ కోసింది.

పిల్లలకి ముందే చెప్తున్నాను. మన దగ్గర వేట లేదు. దుప్పి అయినా, కణితి అయినా, కృష్ణజింక అయినా 1972 వన్యప్రాణి చట్టం కింద కొట్టడం నేరం. జైలుకి పంపిస్తారు. కనుమ కదా అని కొండ కింద నుంచి మాంసం వచ్చిందని ఎవరైనా చెవిలో చెబితే, వద్దని చెప్పి కోడికూర తినండి. నేను మాట్లాడేది అక్కడ ఉన్న మన పిల్లల గురించి. వాళ్లలో కొందరు తుపాకులు కొంటున్నారు. మీ ఫోన్లో ఉన్న మీ అబ్బాయికి ఈ మాట చేరాలి.

తుపాకి ఎందుకు తంతుంది? మాస్టారూ, మీరు చెప్పిన న్యూటన్ మూడో సూత్రమే. తూటాలోని మందు గుండుని ముందుకు ఎంత బలంగా తోస్తే తుపాకిని అంత బలంగా వెనక్కి తోస్తుంది. గుండుతోపాటు మందు కాలిన గాలి కూడా దూసుకుపోతుంది, దాని తోపు కూడా మన భుజం మీదే. నిన్న రాత్రి క్యాలెండర్ వెనక లెక్క వేశాను. తుపాకి మూడు కేజీల ఆరువందల గ్రాములు అనుకుందాం. ఇప్పుడు చెప్పే పేర్లన్నీ తూటాల రకాలు, జౌలు అంటే శక్తిని కొలిచే కొలత. .243 విన్‌చెస్టర్ వెనక్కి తన్నే శక్తి దాదాపు 11 జౌళ్లు. 6.5 క్రీడ్‌మూర్ 16. 7ఎంఎం-08 ఓ 18. .308 దాదాపు 20. .30-06 బరువైన గుండుతో 26, 27. వీడు కొన్నదానికి 36!

ఇక్కడ ఒక తమాషా ఉంది. .308కీ .300 మ్యాగ్నమ్‌కీ గుండు లావు ఒక్కటే. పేరులో అంకె చూసి తన్ను అంచనా వేయలేం. తేడా అంతా వెనకున్న మందులో ఉంది. షాపులో ఈ ముక్క వీడికి ఎవరూ చెప్పలేదు. బరువు తక్కువ, మోయడం తేలిక అని పలచటి తుపాకి అంటగట్టారు. తుపాకి తేలికైన కొద్దీ తన్ను పెరుగుతుంది. వెనక రబ్బరు మెత్త మంచిదైతే కొంత కాస్తుంది. బట్, అంటే భుజానికి ఆనించే వెనక భాగం, దాని పొడుగు మన చేతికి సరిపోతే ఇంకొంత. గొట్టం చివర, గాలిని పక్కలకి మళ్లించే బ్రేకు బిగిస్తే తన్ను బాగా తగ్గుతుంది గానీ మోతకి చెవులు పోతాయి.

సరే, అంకెలు చాలు. నా కథ వినండి. మా ఇంట్లో చాలాసార్లు విన్నారు, మీరు ఒక్కసారి వినండి.

1976లో కావలిలో చదువుకుంటూ ఎన్‌సీసీలో చేరాను. యాభై కేజీలు లేను. క్యాంపులో .303 చేతిలో పెట్టారు. నాలుగు కేజీల తుపాకి, బట్‌కి ఇత్తడి రేకు. భుజానికి గట్టిగా అదుముకోవాలని ఎవరూ చెప్పలేదు. వేలెడు సందు వదిలాను. పేలింది. ఆ ఇత్తడి అంచు కాలర్ ఎముక మీద దిగింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఫైరింగ్ చేయించే ఆయన వెనక నుంచి, “ఏందబ్బాయ్, ఏడస్తా ఉండావా? మగాడివేనా?” అన్నాడు. వరసంతా నవ్వింది. మిగిలిన నాలుగు గుండ్లు కళ్లు మూసుకుని పేల్చాను. సాయంత్రం చొక్కా విప్పితే భుజం అల్లనేరేడు పండు రంగు. ఆ తుపాకి తన్ను కూడా లెక్క కట్టాను, 16 జౌళ్లే. నన్ను ఏడిపించింది 16 జౌళ్లయ్యా! మావాడు తిన్నది దానికి రెట్టింపు పైన.

భుజం వారంలో మానింది. ఉలికిపాటు మానలేదు. ఫౌజులో చేరాక ఎస్ఎల్ఆర్ అనే రైఫిల్ ఇచ్చారు. టార్గెట్ మీద నా గుండ్లన్నీ కింద కుడి పక్కనే. చూపు బాగాలేదన్నారు, తుపాకిలో తేడా ఉందన్నారు. ఏళ్లు గడిచాయి. 1989లో ఒక ముసలి హవల్దార్, పంజాబీ ఆయన, నా మ్యాగజైన్ తీసుకెళ్లి నాకు తెలియకుండా మధ్యలో డమ్మీ గుండు, అంటే పేలనిది, పెట్టి ఇచ్చాడు. రెండు పేలాయి. మూడోది క్లిక్. పేలలేదు. కానీ తుపాకి ముక్కు జానెడు కిందికి పొడుచుకుంది. అంటే తన్ను రాకముందే నేను దాన్ని తోసేస్తున్నానన్నమాట. ఎప్పుడో పదమూడేళ్ల కిందటి ఇత్తడి రేకుకి నా భుజం అప్పటికీ భయపడుతోంది. ఆయన నవ్వలేదు. “అబ్ సమఝా?”, ఇప్పుడు అర్థమైందా, అని పక్కన పడుకుని, నెల రోజులు బ్యారెల్ మీద రూపాయి బిళ్ల నిలబెట్టి ఖాళీ తుపాకితో ట్రిగ్గర్ నొక్కించాడు. తర్వాత ఇన్సాస్ అనే కొత్త రైఫిల్ వచ్చింది. దాని తన్ను నాలుగు జౌళ్లు. నలభై దాటిన వయసులో నా గ్రూపింగ్, అంటే టార్గెట్ మీద గుండ్లు పడ్డ మేర, అరచేతిలో పట్టింది.

ఎన్‌సీసీ క్యాంపులో ఫైరింగ్ చేయించిన ఆ మొదటాయన మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. “భుజానికి అదుముకో నాయనా” అని. అంతే కదా!

మళ్లీ మావాడి దగ్గరకొద్దాం. అక్కడి తెల్లతోక జింక ఇంచుమించు మన దుప్పి సైజు. రెండొందల గజాల లోపల, ముందుకాలి వెనక, గుండె ఊపిరితిత్తుల మీద పడితే .243లో ఆరున్నర గ్రాముల గుండు దండి. అక్కడ పడకపోతే మ్యాగ్నమ్ అయినా దండగే. వీడు ఎనభై గజాల నుంచి కొట్టాడు. ఎక్కడ తగిలిందిరా అని అడిగితే, “కళ్లు మూసుకున్నా మామా” అన్నాడు. పొట్టలో తగిలింది. పొదల్లోకి పోయింది. మొహం మీద రక్తం కారుతుంటే టార్చి పట్టుకుని రెండు గంటలు వెతికాడట. దొరకలేదు.

అదమ్మా నాకు నిద్ర పట్టనివ్వనిది. గాటు కాదు.

నాకు పదకొండేళ్లు, 1969. చట్టం ఇంకా రాలేదు. పట్నం నుంచి ఒక మోతుబరి చుట్టం జీపులో వచ్చి, చెరువు దగ్గర పెద్ద డబుల్ బ్యారెల్‌తో దుప్పిని కొట్టాడు. తుపాకి తన్నుకి ఆయన జీపులో వెనక్కి పడితే ఊరంతా నవ్వుకున్నారు. దుప్పి పారిపోయింది. మూడో రోజు పొద్దున మా కంది చేలో కనబడింది. కాయ పట్టే రోజులు. వెనక భాగం చచ్చుబడి పడుకుని ఉంది, ఈగలు. మెడ అందినంత మేర కంది ఆకు తినేసింది. దాని ముందు చేను అర్ధచంద్రంలా గొరిగినట్టు ఉంది, ఆ అవతల పచ్చగా అట్లాగే ఉంది. మా నాన్న ముంతతో నీళ్లు పెడితే తాగింది. నన్ను ఇంటికెళ్లి గొడ్డలి తెమ్మన్నాడు. తెచ్చాను. ఆ మాంసం మా ఇంట్లో ఎవరూ ముట్టలేదు.

చీటీ వచ్చింది. టైమ్ అయిపోయిందట, వడ్డన మొదలైందట. రెండు నిమిషాలు సార్.

అబ్బాయ్, లేచి నిలబడు. సిగ్గేం లేదు, అందరూ మనవాళ్లే. తిరిగి వెళ్లాక అది అమ్మెయ్. .243 గానీ 7ఎంఎం-08 గానీ తీసుకో, కాస్త బరువైనదే తీసుకో. ముందు కాగితం మీద పేల్చు. ఎవరితోనైనా మధ్యలో డమ్మీ పెట్టించు. క్లిక్ అన్నప్పుడు ముక్కు కదలకుండా ఉండేదాకా జింక జోలికి పోవద్దు. అక్కా, వాణ్ని తిట్టకు. కారు డోరు అని చెప్పినందుకు కావాలంటే ఒకటి తిట్టు.

క్రమశిక్షణ కాగితం సెక్రటరీ గారికి ఇచ్చేస్తున్నాను, సావనీరులో వేసుకోండి. పదండి, గారెలు చల్లారిపోతాయి.